జార్జ్ ఆర్వెల్

జార్జ్ ఆర్వెల్ (జూన్ 25, 1903 - జనవరి 21, 1950) సుప్రసిద్ధ ఆంగ్ల నవలా రచయిత, వ్యాసకర్త, పాత్రికేయుడు. ఇతడి అసలు పేరు ఎరిక్ ఆర్థర్ బ్లెయిర్. బ్రిటిషు పాలనలోని భారతదేశంలో జన్మించి, ఇంగ్లండులో పెరిగి, బర్మాలో పోలీసు అధికారిగాను, ఆ తరువాత ఉపాధ్యాయుడిగాను, రేడియో కార్యక్రమాల నిర్మాతగాను పనిచేశాడు. యానిమల్ ఫార్మ్ (1945), నైన్టీన్ ఎయిటీ ఫోర్ (1949) అనే రెండు నవలల ద్వారా ప్రపంచ ప్రఖ్యాతి పొందాడు.

రానున్న కాలంలో సమాజం ఎంతగా చెడిపోగలదో ఊహించి చిత్రించే నవలలను డిస్టోపియా నవలలు అంటారు. ఆదర్శ లోకాన్ని వర్ణించే యుటోపియా రచనలకు ఇవి పూర్తిగా వ్యతిరేకమైనవి. విజ్ఞాన కల్పనా సాహిత్యంలో ఇదొక ముఖ్యమైన శాఖ. నైన్టీన్ ఎయిటీ ఫోర్ ఈ శాఖలో అత్యంత ప్రసిద్ధమైన నవల. యానిమల్ ఫార్మ్ జంతువుల కథ రూపంలో ఉన్న వ్యంగ్య రచన అయినప్పటికీ, చాలా దేశాల్లో విద్యార్థులు ఈ శాఖలోకి అడుగుపెట్టేది ఆ చిన్న పుస్తకం ద్వారానే.

జననం, బాల్యం

ఆర్వెల్ జూన్ 25, 1903న అప్పటి బెంగాల్ ప్రెసిడెన్సీలోని మోతీహారి పట్టణంలో జన్మించాడు. ఈ ఊరు ప్రస్తుతం బీహార్ రాష్ట్రంలోని తూర్పు చంపారన్ జిల్లాలో ఉంది. తండ్రి రిచర్డ్ వాంస్లీ బ్లెయిర్ ప్రభుత్వ నల్లమందు శాఖలో ఉద్యోగి. తల్లి ఐడా మేబెల్ లిమూజాన్ బర్మాలోని మౌల్మీన్‌లో పెరిగింది. ఆర్వెల్‌కు మార్జరీ అనే అక్క, ఆవ్రిల్ అనే చెల్లెలు ఉన్నారు. 1904లో తల్లి పిల్లలను తీసుకొని ఇంగ్లండుకు వెళ్ళి హెన్లీ పట్టణంలో స్థిరపడింది. తండ్రి మాత్రం ఉద్యోగ రీత్యా భారతదేశంలోనే ఉండిపోయాడు.

చిన్ననాటి నుండి ఆర్వెల్‌కు పుస్తకాలంటే మక్కువ. ఎనిమిదేళ్ళు నిండకముందే జొనాథన్ స్విఫ్ట్ రచించిన గలివర్స్ ట్రావెల్స్ చదివాడు. హెచ్.జి.వెల్స్ రచనలను ఎంతో ఇష్టపడేవాడు. ఈ ఇద్దరు రచయితల ప్రభావం ఇతడిపై జీవితాంతం నిలిచింది.

విద్యాభ్యాసం

1911 నుండి 1916 వరకు ఈస్ట్‌బోర్న్‌లోని సెయింట్ సిప్రియన్స్ అనే వసతి పాఠశాలలో చదివాడు. ఇతడి కుటుంబం సంపన్నమైనది కానందున పాఠశాలవారు తగ్గించిన రుసుముకు చేర్చుకున్నారు. అక్కడ అనుభవించిన భయం, అవమానం, ధనికుల పిల్లలకు పేదల పిల్లలకు మధ్య చూపిన తేడా ఇతడి మనసులో లోతుగా నాటుకున్నాయి. ఆ జ్ఞాపకాలతో ఇతడు రాసిన దీర్ఘ వ్యాసం మరణానంతరం 1952లో వెలువడింది. ఆ వ్యాసంలోని వివరాలు అతిశయోక్తులని ఆ పాఠశాలలో చదివిన మరికొందరు విమర్శించారు.

1917లో ఉపకార వేతనంపై ప్రసిద్ధమైన ఈటన్ పాఠశాలలో చేరాడు. అక్కడ కొద్దికాలం ఇతడికి ఫ్రెంచి భాష బోధించిన ఉపాధ్యాయుడు ఆల్డస్ హక్స్‌లీ. ఆ ఉపాధ్యాయుడే 1932లో బ్రేవ్ న్యూ వరల్డ్ నవలను ప్రచురించాడు. 20వ శతాబ్దపు అత్యంత ప్రసిద్ధ డిస్టోపియా నవలలు రెండింటి రచయితలు ఒకే తరగతి గదిలో గురుశిష్యులు కావడం విశేషం. 1949లో శిష్యుడి నవల చదివిన హక్స్‌లీ అతడికి లేఖ రాశాడు. అందులో పుస్తకాన్ని మెచ్చుకుంటూనే, రాబోయే పాలకులు హింసకంటే సుఖాలను ఎరగా చూపి జనాన్ని లొంగదీసుకుంటారని తన అభిప్రాయం తెలిపాడు.

బర్మాలో ఉద్యోగం

ఈటన్ చదువు 1921లో ముగిసింది. ఆర్వెల్ విశ్వవిద్యాలయంలో చేరకుండా 1922లో ఇండియన్ ఇంపీరియల్ పోలీసు శాఖలో చేరి బర్మా వెళ్ళాడు. అప్పట్లో బర్మా బ్రిటిషు ఇండియాలో ఒక రాష్ట్రం. మాండలేలో శిక్షణ పొంది ట్వాంటే, ఇన్సీన్, మౌల్మీన్, కథా మొదలైన చోట్ల పనిచేశాడు.

ఆ కాలంలో కోస్తా ఆంధ్ర నుండి వేలాది మంది కూలీలు ఓడలెక్కి రంగూన్ వెళ్ళేవారు. తూర్పు గోదావరి తీరంలోని కోరంగి రేవు పేరు మీదుగా బర్మాలో తెలుగువారిని కోరంగీలు అనేవారు. ఆర్వెల్ 1936లో ప్రచురించిన షూటింగ్ యాన్ ఎలిఫెంట్ అనే ప్రసిద్ధ వ్యాసంలో మదించిన ఏనుగు కింద పడి చనిపోయిన మనిషి అటువంటి కూలీయే. ఒక కోరంగి కూలీ ప్రాణంకంటే ఏనుగు విలువే ఎక్కువని కొందరు తెల్ల దొరలు భావించిన సంగతిని ఆర్వెల్ ఆ వ్యాసంలో నమోదు చేశాడు. గుంపు ముందు చులకన కాకూడదనే కారణంతోనే ఏనుగును కాల్చవలసి వచ్చిందని, అధికారం చలాయించేవాడు చివరికి ఆ అధికారానికే బానిస అవుతాడని ఆ వ్యాస సారాంశం.

1927లో సెలవుపై ఇంగ్లండు వెళ్ళిన ఆర్వెల్ తిరిగి ఉద్యోగానికి రాలేదు. బర్మా అనుభవాల ఆధారంగా రాసిన బర్మీస్ డేస్ నవల 1934లో అమెరికాలోను, 1935లో బ్రిటన్‌లోను వెలువడింది.

పేదరికం, కలంపేరు

ఉద్యోగం వదిలాక పేదల జీవితాన్ని స్వయంగా తెలుసుకోవాలని లండన్‌లో దేశదిమ్మరులతో కలిసి తిరిగాడు. 1928, 1929 సంవత్సరాల్లో పారిస్‌లో ఉండి, అక్కడ హోటళ్ళలో అంట్లు కడిగే పని కూడా చేశాడు. ఈ అనుభవాలతో రాసిన డౌన్ అండ్ అవుట్ ఇన్ పారిస్ అండ్ లండన్ ఇతడి మొదటి పుస్తకం. జనవరి 1933లో అది వెలువడినపుడు తొలిసారిగా జార్జ్ ఆర్వెల్ అనే కలంపేరు వాడాడు. ఆర్వెల్ అనునది ఇంగ్లండులోని సఫోక్ ప్రాంతంలో ప్రవహించే ఒక నది పేరు.

ఉపాధ్యాయుడిగా

1932 ఏప్రిల్‌లో లండన్ సమీపంలోని హేస్ అనే ఊరిలో హాథార్న్స్ అనే చిన్న ప్రైవేటు పాఠశాలలో ఆర్వెల్ ఉపాధ్యాయుడిగా చేరాడు. అక్కడ విద్యార్థుల సంఖ్య ఇరవైకి లోపే. 1932 క్రిస్మస్ సందర్భంగా పిల్లలు ఆడేందుకు రెండవ చార్లెస్ రాజు కథతో ఒక నాటకం స్వయంగా రాసి ఇచ్చాడు. 1933లో అక్స్‌బ్రిడ్జ్‌లోని ఫ్రేస్ కళాశాలకు మారాడు. ఆ డిసెంబరులో న్యుమోనియా సోకడంతో ఆస్పత్రి పాలయ్యాడు. దానితో ఇతడి ఉపాధ్యాయ జీవితం ముగిసింది.

ఈ అనుభవం ఎ క్లెర్జీమాన్స్ డాటర్ (1935) నవలలో కనిపిస్తుంది. కథానాయిక డొరొతీ ఒక నాసిరకం ప్రైవేటు బడిలో ఉపాధ్యాయినిగా చేరుతుంది. బట్టీ చదువును పక్కనపెట్టి, మెత్తటి మట్టి వంటి పదార్థంతో భూపటాలు చేయించి, షేక్‌స్పియర్ నాటకం చదివించి పిల్లల్లో ఆసక్తి కలిగిస్తుంది. కానీ తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పి, చేతిరాత, లెక్కలు నేర్పితే చాలునని పట్టుబడతారు. ఆమె లొంగిపోక తప్పదు. చదువు పేరిట పిల్లల ఆలోచనను ఎలా అణచివేస్తారో ఆర్వెల్ ఇక్కడే తొలిసారి వివరంగా రాశాడు.

స్పెయిన్ యుద్ధం

1936 జూన్‌లో ఐలీన్ ఓషానెసీని వివాహం చేసుకున్నాడు. ఉత్తర ఇంగ్లండు గని కార్మికుల జీవితంపై రాసిన ది రోడ్ టు విగన్ పియర్ 1937లో వచ్చింది. 1936 డిసెంబరులో స్పెయిన్ వెళ్ళి, ఫాసిస్టు సేనలకు వ్యతిరేకంగా పి.ఓ.యు.ఎం. అనే వామపక్ష దళంలో చేరి పోరాడాడు. మే 1937లో గొంతులో తుపాకి గుండు దూసుకుపోయినా ప్రాణాలతో బయటపడ్డాడు. అదే సమయంలో సోవియట్ మద్దతుగల కమ్యూనిస్టులు ఆ దళాన్ని ద్రోహులుగా ముద్రవేసి వేటాడారు. ఆర్వెల్ దంపతులు రహస్యంగా సరిహద్దు దాటి తప్పించుకున్నారు.

తాను కళ్ళారా చూసిన పోరాటాలు పత్రికల్లో అసలు లేకపోవడం, జరగని యుద్ధాలు జరిగినట్లు అచ్చుకావడం ఆర్వెల్‌ను కలవరపరచింది. జరిగినదాని నమోదునే మార్చివేస్తే రాబోయే తరాలకు సత్యం తెలిసే మార్గమే ఉండదన్న భయం ఇతడికి అప్పుడే మొదలైంది. నైన్టీన్ ఎయిటీ ఫోర్ నవలకు మూలం ఈ భయమే. స్పెయిన్ అనుభవాలను హోమేజ్ టు కాటలోనియా (1938) అనే పుస్తకంగా రాశాడు. తరువాత లక్నో నుండి వెలువడే పయనీర్ పత్రికలో ఉద్యోగావకాశం వచ్చినా అనారోగ్యం వలన రాలేకపోయాడు.

భారతీయ విద్యార్థులకు రేడియో పాఠాలు

1941 ఆగష్టులో ఆర్వెల్ బి.బి.సి. తూర్పు దేశాల విభాగంలో చేరి భారతదేశానికి ఉద్దేశించిన ఆంగ్ల కార్యక్రమాలను రూపొందించాడు. యుద్ధ సమయంలో భారతీయుల మద్దతు కూడగట్టడం ఆ విభాగం ధ్యేయం. ముల్క్ రాజ్ ఆనంద్, వేణు చితళే, బల్‌రాజ్ సహానీ వంటి భారతీయులు అక్కడ పనిచేశారు. ప్రతి ప్రసంగ పాఠాన్నీ సెన్సారు అధికారులు ముందుగా పరిశీలించేవారు.

ఆర్వెల్ ముఖ్య శ్రోతలు భారతీయ కళాశాల విద్యార్థులు. కలకత్తా, బొంబాయి విశ్వవిద్యాలయాల ఆంగ్ల పాఠ్యాంశాలను దృష్టిలో పెట్టుకొని టి.ఎస్.ఎలియట్, ఇ.ఎం.ఫార్‌స్టర్ వంటి ప్రముఖుల చేత ప్రసంగాలు ఇప్పించాడు. 1942 నవంబరులో స్విఫ్ట్‌తో తాను సంభాషిస్తున్నట్లు ఒక ఊహాత్మక కార్యక్రమం, 1943 మార్చిలో జాక్ లండన్ గురించి ప్రసంగం చేశాడు. 1943 చివరి నెలల్లో ఇగ్నాజియో సిలోనే, హెచ్.జి.వెల్స్ కథలను, రాజుగారి కొత్త బట్టలు కథను రేడియో నాటికలుగా మలిచాడు. రాజు దిగంబరంగా ఉన్నాడని చిన్నపిల్లవాడు చెప్పే ఆ కథను ప్రసారం చేసిన నెలలోనే ఉద్యోగానికి స్వస్తి చెప్పాడు. భారతదేశంలో వినేవారు చాలా తక్కువని, తన శ్రమ వృథా అవుతున్నదని ఇతడు అభిప్రాయపడ్డాడు.

ఈ విధంగా విజ్ఞాన కల్పనకు, వ్యంగ్యానికి ఆద్యులైన రచయితలను రేడియో ద్వారా భారతీయ యువతకు పరిచయం చేసిన ఆర్వెల్, ఆ పని ముగిసిన వెంటనే అదే కోవకు చెందిన తన సొంత నవలను ప్రారంభించాడు.

యానిమల్ ఫార్మ్

ఒక చిన్న కుర్రవాడు పెద్ద బండి గుర్రాన్ని కొరడాతో కొడుతూ తోలడం చూసి, జంతువులకు తమ బలం తెలిస్తే ఏమవుతుందన్న ఆలోచన కలిగిందని ఆర్వెల్ 1947 నాటి ఉక్రేనియన్ అనువాదపు ముందుమాటలో తెలిపాడు. 1943 నవంబరు, 1944 ఫిబ్రవరి మధ్య నవల పూర్తయింది. ఇందులో ఒక వ్యవసాయ క్షేత్రంలోని జంతువులు యజమానిని తరిమివేసి సమానత్వం స్థాపిస్తాయి. క్రమంగా పందులు అధికారం చేజిక్కించుకొని పాత యజమానికంటే క్రూరంగా మారతాయి. రష్యా విప్లవం, స్టాలిన్ పాలనపై ఇది వ్యంగ్య రచన. అప్పట్లో సోవియట్ యూనియన్ బ్రిటన్‌కు మిత్రదేశం అయినందున పలువురు ప్రచురణకర్తలు నిరాకరించారు. ఫేబర్ సంస్థ తరపున నిరాకరించిన వ్యక్తి టి.ఎస్.ఎలియట్. చివరకు ఆగష్టు 17, 1945న సెకర్ అండ్ వార్‌బర్గ్ సంస్థ ప్రచురించింది. ఈ నవల తెలుగులోకి పశువుల దివాణం అనే పేరుతో అనువాదమైంది.

నైన్టీన్ ఎయిటీ ఫోర్

1945 మార్చిలో భార్య ఐలీన్ శస్త్రచికిత్స సమయంలో మరణించింది. దత్తపుత్రుడు రిచర్డ్‌ను వెంటబెట్టుకొని ఆర్వెల్ 1946 నుండి స్కాట్లాండులోని జూరా ద్వీపంలో ఒక మారుమూల ఇంట్లో ఉంటూ నవల రాశాడు. అప్పటికే రష్యా రచయిత జమ్యాటిన్ నవల వియ్‌ను ఫ్రెంచి అనువాదంలో చదివి 1946 జనవరిలో సమీక్షించాడు. క్షయ వ్యాధి ముదరడంతో 1948లో అమెరికా నుండి తెప్పించిన స్ట్రెప్టోమైసిన్ వాడారు. అది శరీరానికి పడలేదు. అనారోగ్యంతోనే 1948 చివర నవల పూర్తిచేశాడు. జూన్ 8, 1949న అది వెలువడింది.

కథానాయకుడు విన్‌స్టన్ స్మిత్ ప్రభుత్వ కార్యాలయంలో పాత పత్రికలను దిద్దే ఉద్యోగి. పాలకులు నేడు చెప్పినదానికి అనుగుణంగా నిన్నటి వార్తలను మార్చడమే అతడి పని. చూసే యంత్రమే గూఢచారిగా పనిచేసే తెరలు, పిల్లలే తల్లిదండ్రులపై ఫిర్యాదు చేసే కుటుంబాలు, ఏటా పదాలు తగ్గిపోయే న్యూస్పీక్ అనే భాష ఈ నవలలోని ప్రధాన కల్పనలు. అమెరికాలోని ఒక పుస్తక క్లబ్బు న్యూస్పీక్ అనుబంధాన్ని, మరొక భాగాన్ని తొలగించమని కోరినా, ఆదాయం పోతుందని తెలిసి కూడా ఆర్వెల్ అంగీకరించలేదు. క్లబ్బు చివరకు పూర్తి పాఠాన్నే స్వీకరించింది.

మరణం

1949 అక్టోబరులో లండన్ ఆస్పత్రి గదిలోనే సోనియా బ్రౌనెల్‌ను వివాహం చేసుకున్నాడు. జనవరి 21, 1950న 46వ ఏట మరణించాడు. సటన్ కోర్టెనే గ్రామంలోని చర్చి ఆవరణలో ఖననం చేశారు. సమాధి రాయిపై అసలు పేరు ఎరిక్ ఆర్థర్ బ్లెయిర్ అని మాత్రమే ఉంది.

పాఠ్యాంశాలుగా ఆర్వెల్ నవలలు

బ్రిటన్‌లో యానిమల్ ఫార్మ్ చాలాకాలంగా ఉన్నత పాఠశాల విద్యార్థులకు పాఠ్యపుస్తకంగా ఉంది. నైన్టీన్ ఎయిటీ ఫోర్‌లో చిత్రహింసల వర్ణన, స్త్రీ పురుష సంబంధాలు ఉన్నందున దానిని సాధారణంగా పెద్ద తరగతులలో బోధిస్తారు. అమెరికాలో కొన్ని పాఠశాలల్లో ఈ నవలపై అభ్యంతరాలు వచ్చాయి.

వీటిని బోధించడంలో రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. మొదటిది, నవలను జోస్యంగా భావించి ఏవి నిజమయ్యాయో లెక్కపెట్టడం. తాను రాసినది తప్పక జరుగుతుందని కాదు, జాగ్రత్తపడకపోతే జరగవచ్చునని హెచ్చరించడమే తన ఉద్దేశమని ఆర్వెల్ 1949లో స్పష్టం చేశాడు. రెండవది, వీటిని ఒక్క రష్యాకే పరిమితం చేయడం. ఆర్వెల్ చివరివరకు తనను ప్రజాస్వామ్య సోషలిస్టుగానే చెప్పుకున్నాడు. 1954లో వచ్చిన యానిమల్ ఫార్మ్ కార్టూను చిత్రానికి అమెరికా గూఢచారి సంస్థ సి.ఐ.ఎ. రహస్యంగా ధనం సమకూర్చింది. అందులో ముగింపును కూడా మార్చారు. నవలలో పందులకు మనుషులకు తేడా కనిపించకుండా పోతుంది. చిత్రంలో జంతువులు మళ్ళీ తిరగబడతాయి. పుస్తకం, చిత్రం రెండూ చూపి విద్యార్థులతో పోల్పించడం నమోదు మార్చడమంటే ఏమిటో తెలియజెప్పే సులువైన మార్గం.

కొట్టం గోడపై రాసిన ఏడు ఆజ్ఞలు కూడా ఇందుకు ఉపయోగపడతాయి. కథ సాగేకొద్దీ ఒక్కొక్క ఆజ్ఞకు రెండు మూడు మాటలు చేరి అర్థం తలకిందులవుతుంది. మొదటి అధ్యాయాలు చదివినపుడే విద్యార్థులు ఆజ్ఞలను తమ నోటు పుస్తకంలో రాసుకుంటే, గోడ మారినపుడు వారి వద్ద సాక్ష్యం ఉంటుంది. జంతువుల వద్ద అది లేదు. వాటిలో చాలావాటికి చదవడం రాదు, తమ జ్ఞాపకంపై నమ్మకం కూడా లేదు.

అనంతపురం వంటి కరువు ప్రాంతంలో

దేశంలో అతి తక్కువ వర్షపాతం గల ప్రాంతాలలో అనంతపురం పీఠభూమి ఒకటి. ఇటువంటి చోట చదువుకునే విద్యార్థికి ఈ నవలల్లో కొన్ని ఘట్టాలు పరాయివిగా తోచవు. యానిమల్ ఫార్మ్‌లో ఒక శీతాకాలం తిండి గింజలు అడుగంటుతాయి. ఆ సంగతి బయటికి పొక్కకుండా పందులు గాదెలను ఇసుకతో నింపి, పైన మిగిలిన ధాన్యం పరచి, బయటినుండి వచ్చిన మనిషికి చూపిస్తాయి. కరువు సంవత్సరాల్లో పశుగ్రాస శిబిరాలను, వేరుశనగ పంట నష్టపు లెక్కలను చూసిన ఇంటి పిల్లలకు ఈ ఇసుక గాదె అర్థం విడమరచి చెప్పనవసరం లేదు. కథలో జంతువులు చెమటోడ్చి కట్టే గాలిమర కూడా ఇక్కడి వారికి తెలిసినదే. 1990లలో రామగిరి కొండలపై గాలిమరలు వెలిశాయి. 2022లో జరిగిన జిల్లాల పునర్విభజనతో రామగిరి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. గాలిమర పూర్తయితే వచ్చే సుఖాలను నాయకులు వాగ్దానం చేయడం, పూర్తయ్యాక ఆ వాగ్దానం మరుగున పడడం నవలలోని కథ. ఊరి కొండ మీది యంత్రం వలన ఎవరికి ఎంత మేలు కలిగిందని అడగడం ఆ పాఠానికి సహజమైన కొనసాగింపు.

నైన్టీన్ ఎయిటీ ఫోర్‌లో చాక్లెట్ రేషనును 30 గ్రాముల నుండి 20 గ్రాములకు తగ్గిస్తారు. మరునాడే దానిని 20 గ్రాములకు పెంచినందుకు జనం కృతజ్ఞతలు తెలిపినట్లు ప్రకటిస్తారు. ఈ ప్రాంతపు చరిత్రలో దీనిని గుర్తుచేసే లెక్క ఒకటి ఉంది. 1876-78 నాటి ధాత కరువులో, అనంతపురం ఇంకా బళ్ళారి జిల్లాలో భాగంగా ఉన్న రోజులలో, ప్రభుత్వ ప్రతినిధి రిచర్డ్ టెంపుల్ సహాయ పనులలో కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, కొద్దిపాటి రొక్కం చాలునని కూలిని తగ్గించాడు. అది ప్రాణం నిలుపుకొనడానికి చాలదని మద్రాసు ప్రభుత్వ పారిశుధ్య కమిషనరు డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. ఒకే ఆకలిని ఇద్దరు అధికారులు రెండు రకాలుగా నమోదు చేశారు. ఈ రెండు నమోదులూ మిగిలి ఉన్నందువల్లనే నేటి విద్యార్థి వాటిని పోల్చి చూడగలుగుతున్నాడు. విన్‌స్టన్ స్మిత్ లోకంలో రెండవ నమోదు మిగలదు. ఈ తేడాను గ్రహించిన విద్యార్థికి నవలలోని ప్రధాన విషయం అందినట్లే.

విమర్శ

1949లో ఆర్వెల్ తనకు కమ్యూనిస్టు సానుభూతిపరులుగా తోచిన కొందరు రచయితలు, పాత్రికేయుల పేర్ల జాబితాను బ్రిటిషు ప్రభుత్వ ప్రచార విభాగానికి అందజేశాడు. నిఘా రాజ్యాన్ని ఖండించిన రచయిత ఇటువంటి పని చేయడం తీవ్ర విమర్శకు గురైంది. ప్రచార రచనలకు ఎవరిని నియమించరాదో తెలిపే సలహా మాత్రమేనని ఇతడిని సమర్థించేవారు అంటారు. ఆర్వెల్ జీవితం బోధించేటప్పుడు ఈ విషయాన్ని దాచడం ఇతడి రచనల స్ఫూర్తికే విరుద్ధం.

స్మారకాలు, హక్కులు

మోతీహారిలో ఆర్వెల్ పుట్టిన ఇంటిని బీహార్ ప్రభుత్వం రక్షిత కట్టడంగా గుర్తించింది. 2017 నవంబరులో లండన్‌లోని బి.బి.సి. కార్యాలయం ఎదుట ఇతడి విగ్రహాన్ని ప్రతిష్ఠించారు. భారతీయ చట్టం ప్రకారం రచయిత మరణించిన సంవత్సరం తరువాత 60 ఏళ్ళకు కాపీహక్కు ముగుస్తుంది. కావున 2011 జనవరి నుండి ఇతడు జీవించి ఉండగా వెలువడిన రచనలను భారతదేశంలో ఎవరైనా అచ్చువేయవచ్చును, అనువదించవచ్చును, తరగతి కోసం ప్రతులు తీయవచ్చును.

ముఖ్య రచనలు

- డౌన్ అండ్ అవుట్ ఇన్ పారిస్ అండ్ లండన్ (1933)
- బర్మీస్ డేస్ (1934)
- ఎ క్లెర్జీమాన్స్ డాటర్ (1935)
- కీప్ ది ఆస్పిడిస్ట్రా ఫ్లయింగ్ (1936)
- ది రోడ్ టు విగన్ పియర్ (1937)
- హోమేజ్ టు కాటలోనియా (1938)
- కమింగ్ అప్ ఫర్ ఎయిర్ (1939)
- యానిమల్ ఫార్మ్ (1945)
- నైన్టీన్ ఎయిటీ ఫోర్ (1949)

ఇవి కూడా చూడండి

- ఆల్డస్ హక్స్‌లీ
- హెచ్.జి.వెల్స్
- ముల్క్ రాజ్ ఆనంద్
- అనంతపురం జిల్లా